లోతు బోర్లలోకి నీరు ఎక్కిస్తున్నారా? భూఉష్ణ ప్రాజెక్టుల దగ్గర ప్రకంపనలపై కన్నేసి ఉంచే పద్ధతి

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని ఉంకేశ్వర్ వేడినీటి గుండం దగ్గరికి ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. "ఈ వేడితో కరెంటు తీయవచ్చట కదా. బోరు వేసి లోపలికి నీళ్లు తోస్తే మళ్లీ కిల్లారి అవుతుందా బాబూ?"

లాతూర్ జిల్లాలోని కిల్లారిని పెద్ద భూకంపం కూల్చిన 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామును చూసినవాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్నను నవ్వి తోసేయడం కుదరదు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడమూ కుదరదు. ఏం కొలవాలి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కొలవాలి అన్నది మాత్రం చెప్పగలను. నేను పరికరాల పనివాణ్ణి. నాందేడ్, యవత్మాల్, గడ్చిరోలి సరిహద్దు ఊళ్లలోని మన తెలుగు ఇంజినీర్లు, సైన్సు మాస్టార్లు, పంచాయతీ సభ్యులు చేతిలో పట్టుకుని తిరిగేలా దీన్ని రాస్తున్నాను.

## 1. అసలు నీరు రాతిలోకి వెళ్తుందా?

భూఉష్ణ ప్రాజెక్టులన్నీ ఒకటి కావు. ముందు ఇది తేల్చుకోండి.

- మూసిన గొట్టం: నీరు గొట్టంలోనే తిరిగి వస్తుంది, రాతిని తాకదు. ప్రకంపనల భయం దాదాపు లేదు.
- ఉబికే వేడినీరు: సింగరేణి సంస్థ మణుగూరు దగ్గర పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు ఇలాంటిది. వాడిన నీటిని తిరిగి అదే పొరలోకి పంపే చోట మాత్రం పీడనం గమనించాలి.
- రాతిని పగలగొట్టడం: వేడిగా ఉన్నా నీరు పారని గ్రానైట్‌లోకి అధిక పీడనంతో నీరు తోసి దారులు తెరుస్తారు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దీని గురించే.

నీరు నూనెలా రాతిని జారుడుగా చేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. భ్రంశానికి, అంటే భూమి లోపలి పెద్ద చీలికకు, రెండు వైపులా ఉన్న దిమ్మెలు పైబరువుతో ఒకదానినొకటి అదిమి పట్టుకుని ఉంటాయి. చీలికలో నీటి పీడనం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న చీలిక అయితే కొద్దిపాటి సడలింపు చాలు. కోయనా జలాశయం ఉన్న రాష్ట్రంలో ఈ సంగతి కొత్త కాదు. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున అక్కడ 6.3 భూకంపం వచ్చింది, జలాశయం ప్రేరేపించిన భూకంపాలకు ప్రపంచమంతా చూపే ఉదాహరణ అదే.

## 2. భ్రంశం ఎక్కడుందో బోరుకు ముందే వెతకండి

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న 5.5 భూకంపం వచ్చింది. ప్రభుత్వం నియమించిన పరిశోధన బృందం 2019 మార్చిలో తేల్చిన విషయం ఏమిటంటే, భూఉష్ణ బోరులోకి తోసిన నీరు అప్పటికే ఒత్తిడిలో ఉన్న భ్రంశాన్ని కదిలించింది. ఒక బోరు ఆ భ్రంశాన్ని దాటుకునే పోయింది. సుమారు 3.8 కి.మీ. లోతున తవ్వకపు బురద, అంటే తవ్వేటప్పుడు బోరులోకి పంపే బురదనీరు, ఒక్కసారిగా రాతిలోకి ఇంకిపోయింది. ఆ గుర్తును ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

మన దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. పైన దక్కను బసాల్ట్, అంటే గట్టిపడిన లావా రాయి, దుప్పటిలా కప్పి ఉంటుంది, కింది భ్రంశాలు నేల మీద కనిపించవు. కిల్లారి దగ్గర కూడా అంత పెద్ద భూకంపం వస్తుందని నేలను చూసి ఎవరూ చెప్పలేకపోయారు.

ప్రాజెక్టు వారిని ఇవి అడగండి:

- భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పటాలు, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పొడవాటి గీతల పటం
- గురుత్వ, అయస్కాంత సర్వే ఫలితాలు
- బోరు నుంచి కనీసం 10 కి.మీ. దాకా ఉన్న భ్రంశాల జాబితా, వాటి దిశ
- తవ్వకపు దినచర్య పుస్తకం: బురద ఎక్కడ ఇంకింది, పిండిగా నలిగిన రాయి ఏ లోతులో పైకి వచ్చింది

చివరిది తప్పక అడగండి. నివేదికలు అందంగా అచ్చువేసి ఇస్తారు, దినచర్య పుస్తకం మాత్రం అడిగితేనే బయటికి వస్తుంది.

## 3. పంపు కంటే ముందు ఒక వానాకాలం కొలవండి

ఈ మొత్తం పనిలో అందరూ కోత పెట్టేది ఈ మెట్టుకే. "పంపు పెట్టేది మార్చిలో కదా, ఫిబ్రవరిలో సెన్సర్లు పెడదాం" అంటారు. అలా పెడితే ఏప్రిల్‌లో నేల కదిలినప్పుడు అది పంపు వల్లో, సహజమో ఎవరూ చెప్పలేరు. ప్రాజెక్టు వారు సహజమంటారు, ఊరివాళ్లు పంపే అంటారు, ఎవరి దగ్గరా రుజువు ఉండదు.

ఈ ప్రాంతం తనంతట తానుగా కూడా కదులుతుంది. నాందేడ్ పట్టణంలో చిన్న ప్రకంపనలు గుంపులుగా వచ్చి జనాన్ని వీధుల్లోకి తెచ్చిన రోజులున్నాయి. 2024 మార్చి 21న హింగోలి దగ్గర 4.5 వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన 5.3 గడ్చిరోలి, చంద్రపూర్ వైపు కూడా తెలిసింది. పైగా ద్వీపకల్పంలో వానల తర్వాత లోతు తక్కువ ప్రకంపనలు గుంపులుగా రావడం మామూలే. వాన నీరు చీలికల్లోకి ఇంకడం దానికి ఒక కారణం.

కాబట్టి ఆధార కొలత, అంటే పంపుకు ముందు సహజ స్థితిని చూపే కొలత, జూన్ కంటే ముందు మొదలై డిసెంబరు దాటాలి. ఏడాది పొడవునా కొలిస్తే ఇంకా మంచిది. ఆరు నెలలు చాలనే వాదన వింటుంటాను. వానాకాలం లేని ఆరు నెలలైతే ఇక్కడ అది చాలదు.

## 4. సెన్సర్లు: ఎన్ని, ఎక్కడ, ఎలా

కనీసం ఎనిమిది స్టేషన్లు, అంటే సెన్సర్ పెట్టే చోట్లు, కావాలి. బోరు చుట్టూ అన్ని దిక్కులా ఉండాలి. ఒకవైపే పెడితే ప్రకంపన కేంద్రం ఎక్కడో తేలదు. లోతు సరిగా తెలియాలంటే కనీసం రెండు స్టేషన్లు, బోరు ఎంత లోతో అంత దూరం లోపలే ఉండాలి. బోరు 4 కి.మీ. లోతైతే ఆ రెండూ 4 కి.మీ. లోపల ఉండాలన్నమాట.

చిన్న ప్రకంపనలకు నేల కదలికను పట్టే 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు చాలు. వాటితోపాటు ఊరి మధ్యలో రెండు మూడు యాక్సిలరోమీటర్లు పెట్టండి. ఇల్లు ఎంత ఊగిందో చెప్పేది అవే. సెకనుకు 250 నమూనాలు తగ్గకుండా రికార్డు చేయండి. డబ్బుంటే ఒకటి రెండు సెన్సర్లను వంద మీటర్ల బోరు అడుగున దించండి, ఉపరితల గోల చాలావరకు తప్పుతుంది.

నల్లరేగడిలో సెన్సర్ పాతడం మీద రెండు మాటలు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దానితోపాటే సెన్సరూ ఒరుగుతుంది. మొరం లేదా గట్టి రాయి తగిలే దాకా తవ్వండి, అడుగున చిన్న సిమెంటు దిమ్మె పోసి దాని మీద కూర్చోబెట్టండి. రాయి తగలకపోతే ఆ చోటు వదిలేసి మరో చోటు చూడండి.

మాహూర్ వైపు ఒక బడి ఆవరణలో పరీక్షగా పెట్టిన సెన్సర్ సంగతి చెబుతాను. రోజూ పొద్దున ఏడున్నరకు గీత లావెక్కేది, పదింటికి సన్నబడేది. సాయంత్రం మళ్లీ అదే. పౌనఃపున్యాల పటం గీసి చూస్తే సరిగ్గా 24 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి ముల్లు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు అది. బడి వెనక సందులో పిండి గిర్ని ఉంది. గిర్ని యజమాని పాపం, తన మోటారు ఎవరి పరిశోధనకో అడ్డం వస్తోందని విని భయపడి మిషను ఆపేశాడు. "మీరు నడుపుకోండి, మేమే జరుగుతాం" అని నచ్చజెప్పాల్సి వచ్చింది. సెన్సర్‌ను 400 మీటర్లు జరిపితే ముల్లు మాయమైంది.

మరో తప్పు అచ్చంగా నాదే. జీపీఎస్ యాంటెన్నాను వాన తగలకుండా రేకుల కప్పు కింద పెట్టాను. ఉపగ్రహాలు అందక గడియారం జారిపోయింది. గడియారం సెకనులో పదో వంతు తప్పితే కేంద్రం 600 మీటర్ల దాకా పక్కకు జరుగుతుంది, ఎందుకంటే ప్రకంపనలో ముందుగా వచ్చే పి తరంగం గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కి.మీ. పోతుంది. మూడు వారాల రికార్డు పారబోసుకున్నాను.

స్టేషన్ పెట్టిన రోజున చూసుకోవలసినవి:

- యాంటెన్నాకు ఆకాశం నేరుగా కనిపిస్తోందా?
- ఉత్తర దిక్కు గుర్తు దిక్సూచితో సరిచూశారా?
- పక్కన చెట్టు ఉందా? గాలికి వేళ్లు కూడా కదులుతాయి.
- బ్యాటరీ మబ్బు పట్టిన వారం రోజులు ఆగుతుందా?
- మేకలు సోలార్ పలకను తోయకుండా కంచె వేశారా?
- అడుగు దూరంలో ఒక్క గెంతు గెంతి, ఆ గీత తెర మీద పడిందో లేదో చూశారా?

## 5. గీతను చదవడం నేర్చుకోండి

ప్రతి ప్రకంపనకూ ముందు పి తరంగం, తర్వాత ఎస్ తరంగం వస్తాయి. రెండింటి మధ్య ఒక సెకను తేడా ఉంటే కేంద్రం సుమారు 8 కి.మీ. దూరంలో ఉన్నట్టు. తేడా అర సెకనైతే 4 కి.మీ. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే కంప్యూటర్ ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో చూడగానే తెలుస్తుంది.

తర్వాత పేలుళ్లను వేరు చేయాలి. వణి, చంద్రపూర్ వైపు బొగ్గు గనులు, దారి పొడవునా కంకర క్వారీలు. పేలుడు గీతలో పి తరంగం అన్ని స్టేషన్ల దగ్గరా పైకే లేస్తుంది, ఎస్ బలహీనంగా ఉంటుంది, వెనక పొడవాటి తోకలా ఉపరితల తరంగాలు వస్తాయి. అసలైన ప్రకంపనలో కొన్ని స్టేషన్ల దగ్గర పైకి, కొన్నిచోట్ల కిందికి ఉంటుంది. ఇంతకంటే సులువైన పరీక్ష ఉంది. నెల రోజుల ప్రకంపనలను గంటలవారీగా లెక్కపెట్టండి. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య పడి, ఆదివారం ఒక్కటీ లేకపోతే అవి క్వారీవి.

అదే క్వారీని వాడుకోండి కూడా. ఒక పేలుడు ఎక్కడ, ఏ సెకనుకు జరిగిందో వాళ్ల దగ్గర రాయించుకోండి. మీ స్టేషన్లు ఆ చోటును ఎంత దగ్గరగా చూపాయో సరిపోల్చండి. కిలోమీటరు తప్పితే రాతిలో తరంగాల వేగాల పట్టికను సరిచేయండి.

## 6. ఇళ్ల సర్వే: పగుళ్లకు తేదీ వేయండి

కిల్లారిలో ప్రాణాలు తీసింది ఎక్కువగా రాయి, మట్టి కలిపి కట్టిన మందపు గోడలూ వాటి మీది బరువైన మట్టి కప్పులూ. అలాంటి ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బోరుకు 5 కి.మీ. లోపలి ప్రతి ఇంటినీ పంపుకు ముందే చూడాలి. ఒక్కసారి చూస్తే చాలదు. మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చూడండి.

ఎందుకో కిన్వట్ దగ్గరి పల్లెలో ఒక ముసలమ్మ చూపించింది. "అవ్వా, ఈ పగులు ఎప్పటిది?" అని అడిగితే గోడ తడిమి, "మా కోడలు కాపురానికి వచ్చిన ఏడాదిది నాయనా. ఎండాకాలం వేలు పడుతుంది, వానలొస్తే చీమ కూడా దూరదు" అంది. పునాది కింద రేగడి ఉంది మరి. మే నెల ఫొటో లేకుండా అక్టోబరు ఫొటో ఒక్కటే ఉంటే, వచ్చే ఎండాకాలం ఆ పగులును ప్రకంపన ఖాతాలో రాస్తారు. తిరగేసి చూసినా అంతే. నిజంగా ప్రకంపనకు తెరుచుకున్న పగులును "రేగడి పగులే" అని కొట్టిపారేస్తారు.

చేయవలసిన పని:

- పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. పగులు పెరిగితే గీత దాటిపోతుంది.
- పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీని రెండు వైపులా సున్నంతోనో సిమెంటుతోనో అతికించండి. గోడ కదిలితే గాజు విరుగుతుంది.
- ఫొటోలో స్కేలు, తేదీ కాగితం రెండూ కనపడాలి.
- ఒక ప్రతి ఇంటివారికి, ఒకటి పంచాయతీకి, ఒకటి ప్రాజెక్టుకు. ఇంటివారి ప్రతి మీద ఇద్దరి సంతకాలు ఉండాలి.

సమాచార పత్రం తెలుగు, మరాఠీల్లో ఉంటే సరిపోదు. గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే గూడేల్లో చదివి వినిపించే మనిషి కావాలి.

## 7. పచ్చ, పసుపు, ఎరుపు

ఎంత దాకా పంపవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది పంపు పెట్టకముందే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఇళ్లకు ముఖ్యం మాగ్నిట్యూడ్ కాదు, నేల ఎంత వేగంతో ఊగిందన్నది. జర్మనీ ప్రమాణంలో తక్కువ పౌనఃపున్యాల ఊపుకు మామూలు ఇళ్ల పునాది దగ్గర సెకనుకు 5 మి.మీ., పాత సున్నితమైన కట్టడాలకు 3 మి.మీ. హద్దు. మన రాయి, మట్టి గోడలకు నేను 3 కంటే చాలా ముందే ఆగమంటాను. నా లెక్క ఇది, స్థలాన్ని చూసిన నిపుణులు దీన్ని ఇంకా కఠినం చేయవచ్చు గానీ సడలించకూడదు:

- పచ్చ: మాగ్నిట్యూడ్ 1 లోపు, ఊపు సెకనుకు 0.5 మి.మీ. లోపు. పని సాగనివ్వండి.
- పసుపు: మాగ్నిట్యూడ్ 1 నుంచి 2, లేదా ఊపు 0.5 నుంచి 1 మి.మీ., లేదా ఊళ్లో ఒక్కరికైనా తెలిసింది. పీడనం పెంచకండి, ప్రవాహం తగ్గించండి, అదే రోజు కూర్చుని లెక్కలు చూడండి.
- ఎరుపు: మాగ్నిట్యూడ్ 2 లేదా ఊపు 1 మి.మీ. దాటింది. తొమ్మిదో మెట్టులో చెప్పినట్టు ఆపండి.

ఫిన్లాండ్‌లో హెల్సింకి దగ్గర 2018లో 6.1 కి.మీ. లోతు బోరులోకి 49 రోజుల్లో 18,160 ఘనపు మీటర్ల నీరు ఎక్కించారు. ఆపవలసిన హద్దు 2.1. ప్రకంపనలను అప్పటికప్పుడు చూస్తూ పంపును తగ్గిస్తూ, ఆపుతూ నడిపారు. వచ్చినదాంట్లో పెద్దది 1.9.

ఎరుపు పడినప్పుడు పంపు ఆపే అధికారం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికే ఉండాలి. దూరపు ఆఫీసుకు ఫోను చేసి అనుమతి అడగవలసి వస్తే ఆ ట్రాఫిక్ లైటు అలంకారానికే. గోడ మీది కాగితంలో పేరు కూడా రాయించండి.

## 8. పంపు నడిచే రోజుల్లో

రోజూ ఒకే పటం మీద నాలుగు గీతలు గీయండి: బోరు తలకాయ దగ్గర పీడనం, ప్రవాహం, ఇప్పటిదాకా ఎక్కించిన మొత్తం నీరు, ప్రకంపనలు. విడివిడి కాగితాల మీద ఉంటే వాటి మధ్య సంబంధం కంటికి ఆనదు.

చూడవలసిన గుర్తులు:

- గుంపు ఆకారం. ప్రకంపన బిందువులు బోరు చుట్టూ మబ్బులా ఉంటే ఫరవాలేదు. ఒక బల్లపలక మీద పేర్చినట్టు వరుస కడుతుంటే భ్రంశం మేల్కొంటోందన్నమాట. మాగ్నిట్యూడ్ ఎంత చిన్నదైనా సరే, పసుపు వెలిగించండి.
- చిన్నవాటికీ పెద్దవాటికీ నిష్పత్తి. మామూలుగా మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే సంఖ్య పదో వంతు అవుతుంది. 1 దాటినవి వంద ఉంటే 2 దాటినవి పది. పెద్దవాటి వాటా పెరుగుతూ పోతే జాగ్రత్త పడండి.
- దూరం. ప్రకంపనలు రోజురోజుకూ బోరుకు దూరంగా జరుగుతున్నాయా? నీటి పీడనం అటే పోతోంది.

ఎక్కించిన నీటిని బట్టి గరిష్ఠ మాగ్నిట్యూడ్ చెప్పే ఒక సూత్రం వాడుకలో ఉంది. దాని ప్రకారం 10 వేల ఘనపు మీటర్లకు సుమారు 3.6. దీన్ని పైకప్పు అనుకోకండి. పోహాంగ్‌లో నికరంగా లోపల మిగిలిన నీరు సుమారు 6 వేల ఘనపు మీటర్లు, సూత్రం 3.4 అంటుంది, వచ్చింది 5.5. శక్తిలో వెయ్యి రెట్లకు పైగా తేడా. సిద్ధంగా ఉన్న భ్రంశానికి నీరు మీట నొక్కడం వరకే, తర్వాత ఎంత జారాలో అది నీటి లెక్క చూసుకోదు.

ఊళ్లో ఒక రిజిస్టరు పెట్టండి. ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. "ఇల్లు ఊగిందా?" అంటే అందరూ అవుననే అంటారు. "ఆ సమయానికి ఏం చేస్తున్నారు, ఏం గమనించారు?" అని అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి. "రాత్రి 9:40. మంచం మీద కూర్చుని ఉన్నాను. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. లారీ పోయినట్టు చప్పుడు, రోడ్డు మీద లారీ లేదు." ఇలాంటి ఒక్క పద్దు, యాక్సిలరోమీటర్ గీత పక్కన పెట్టి చూస్తే, పది "అవును"ల కంటే విలువైనది.

## 9. ఆపడం, ఆపాక

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద 2006 డిసెంబరు 2న నీరు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆరో రోజుకు ప్రకంపనలు పెరిగి 8వ తేదీన పంపు ఆపారు. ఆపిన కొన్ని గంటలకు 3.4 వచ్చింది. ఆ తర్వాత రెండు నెలల్లో 3 దాటినవి మరో మూడు. ప్రాజెక్టు చివరికి మూతపడింది. పోహాంగ్‌లో చివరిసారి నీరు ఎక్కించింది 2017 సెప్టెంబరు 18న, పెద్దది వచ్చింది దాదాపు రెండు నెలలకు. అంతకుముందే ఏప్రిల్‌లో 3 దాటిన ప్రకంపన వచ్చినా పని కొనసాగించారు. అమెరికాలో డెన్వర్ దగ్గర వ్యర్థ జలాలు ఎక్కించడం 1966 ఫిబ్రవరిలో ఆపితే, అన్నిటికంటే పెద్ద ప్రకంపన 1967 ఆగస్టులో వచ్చింది.

కారణం సులువు. పంపు ఆగినా లోపల ఎక్కిన పీడనం అక్కడే ఆగదు, ఇంకా దూరపు చీలికలకు పాకుతుంది.

అందువల్ల ఆపే క్రమం ఇలా ఉండాలి:

1. ఒక్క దెబ్బకు మూయకుండా ప్రవాహాన్ని మెట్లు మెట్లుగా తగ్గించండి.
2. ఎరుపు పడితే నీటిని అదుపులో పైకి వదిలి పీడనం దించండి. ఆ నీటికి ప్లాస్టిక్ పరిచిన చెరువు ముందే తవ్వి ఉంచాలి. పొలాల్లోకి వదలకూడదు, లోతు నీటిలో లవణాలుంటాయి.
3. ఆపిన మొదటి 72 గంటలు రాత్రింబవళ్లు మనిషి తెర ముందు ఉండాలి.
4. ఊరికి ఆ రోజే చెప్పండి: "పంపు ఆపాం, ఇంకొన్ని ప్రకంపనలు రావచ్చు." ఈ మాట చెప్పకపోతే, ఆపాక వచ్చిన కుదుపుకు "దొంగచాటుగా నడుపుతున్నారు" అన్న పుకారు పుడుతుంది. దాన్ని మాన్పడం ప్రకంపనను కొలవడం కంటే కష్టం.
5. 3 దాటితే జాతీయ భూకంప కేంద్రం ప్రకటించిన వివరాలతో మీ లెక్క సరిపోల్చండి. తేడా ఉంటే దాచకుండా రెండూ నోటీసు బోర్డు మీద పెట్టండి.

సెన్సర్లను ఎప్పుడు తీయాలి? బడ్జెట్ ముగియగానే తీసేయడం చాలాచోట్ల చూశాను. ప్రకంపనల సంఖ్య ఆధార కొలత నాటి స్థాయికి దిగాలి, ఆ తర్వాత మరో వానాకాలం గడవాలి. ఆ రెండూ అయ్యాక కూడా ఊరి మధ్యలోని ఒక యాక్సిలరోమీటర్‌ను బడిలోనే వదిలేయండి. తాళం సైన్సు మాస్టారి దగ్గర, మొత్తం రికార్డు ఉన్న హార్డ్ డిస్కు ఒకటి పంచాయతీ బీరువాలో.